నిబంధనయు ననుబంధమును

తెలుఁగున ముద్రితమైన క్రైస్తవ వేదగ్రంథమును విప్పిన వారికి మొట్టమొదటనే కనఁబడు మాట యొకటి కలదు. అది "నిబంధన". గ్రంథముయొక్క పూర్వభాగము పాత నిబంధన. ఉత్తరభాగము క్రొత్త నిబంధన. ఈ మాట మన కచ్చేరీలలోను, పాఠశాలలలోను, సహకార సంఘములలోను నిత్యము వినఁబడునదియే. అచ్చట దాని యర్థము షరతు, కట్టడి, మీఱినచో దండన. కాఁబట్టి ఇతరులు మాత్రమే కాక, క్రైస్తవ కుటుంబములలోఁ బుట్టి పెరిగినవారు సైతము ఆ గ్రంథమును నియమముల పుస్తకమనియు, ఆ మతమును నియమముల మతమనియుఁ దలఁచుట వింత కాదు.

మూలభాషలలో నీ మాట కున్న యర్థము వేఱు. హెబ్రీయులు దీనిని "బెరీత్" అనిరి. ఇద్దఱు తమ్ము తాము ఒకరి కొకరు ఇచ్చుకొని కట్టుకొను ముడి యది. హోషేయ ప్రవక్త దానిని వివాహబంధముతోఁ బోల్చి, తన్ను విడిచిపోయిన భార్యను మరల నింటికిఁ దెచ్చుకొను భర్త వేదనగా వర్ణించెను. గ్రీకులు వాడిన "దియాథేకే" యను మాటకు, ఒకఁడు తన వారికై వ్రాసియుంచు వీలునామా యను నర్థము కూడఁ గలదు. అందుచేతనే మన తెలుఁగు అనువాదకులు హెబ్రీయుల పత్రిక తొమ్మిదవ యధ్యాయమున ఆ మాటనే "మరణశాసనము" అని తెనిఁగించిరి. వివాహమునకు గాని, వీలునామాకు గాని నియమములు లేకపోలేదు. ఐనను నియమములకొఱకు ఎవఁడును బెండ్లి చేసికొనఁడు. నియమములపైఁ బ్రేమచేత ఎవఁడును దన యాస్తిని బిడ్డలకు వ్రాయఁడు. సంబంధము ముందు, నియమము దాని వెనుక.

మన భాషయే యీ రహస్యమును దాఁచియుంచినది. బంధనము, బంధువు, సంబంధము, అనుబంధము, నిబంధన, ఇవి యన్నియు నొక్క ధాతువునుండి పుట్టినవే. ఆ యొక్క ధాతువు సంకెలయుఁ గాఁగలదు, చుట్టఱికముఁ గాఁగలదు. తెలుఁగు క్రైస్తవము దేనిని ఎన్నుకొన్నది? దాని కీర్తనలు ఏమి చెప్పుచున్నవి? దాని సంఘముల వాడుక ఏమి చెప్పుచున్నది? ఈ రెండింటికిని నడుమ నెంత దూర మున్నది? దీనిని విమర్శించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ ప్రశ్న నాకుఁ బుస్తకములనుండి పుట్టలేదు. మహబూబాబాదు జిల్లాలో, వరంగల్లు ఖమ్మముల నడుమ బాటమీఁద నున్న మరిపెడకు సమీపమున నొక పల్లెలో నాకిది యెదురైనది. ఆ ప్రాంతమున మిరప, ప్రత్తి విరివిగాఁ బండును. మిరప కోఁతకు వచ్చినప్పుడు కూలివారికి ఆదివారము లేదు. పండిన కాయ చెట్టుమీఁద నిలువదు. ఒక వృద్ధురాలు ఆ కోఁతకాలమున వరుసగాఁ గొన్ని యాదివారములు ప్రార్థనకు రాలేదు. సంఘపు పెద్దలు ఆమె పేరు చిట్టాలో గుర్తు పెట్టి, ప్రభువు బల్లలోఁ బాలుపొందరాదని యామెతోఁ జెప్పిరి. ఆమె వాదింపలేదు. వెనుకటి వరుసలోఁ గూర్చుండి, రొట్టె పళ్ళెము తన్ను దాఁటి పోవుచుండఁగాఁ దల వంచుకొన్నది. తరువాత నే నామెను బలుకరించినప్పుడు కోపము లేక యిట్లన్నది: "నేను గుడికి రాలేదు గని, ఆయన మిరపచేన్లకు రాకుంటడా బిడ్డా?"

ఈ యొక్క వాక్యములో నున్న వేదాంతము, ఆ చిట్టా వ్రాసినవారి పుస్తకములలో నున్నదా యని నేను చాల దినములు ఆలోచించితిని.

నియమమును నిందించుట సులభము. కావున ముందుగా దాని పక్షమున న్యాయము పలుకవలెను. ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రమే యందుకుఁ దగిన సాక్ష్యము. తిరునెల్వేలి క్రైస్తవులు 1903వ సంవత్సరమున విదేశ ధనముపై నాధారపడక ఒక భారతీయ మిషనరీ సంఘమును స్థాపించి, నాఁటి నైజాము రాజ్యములోని మానుకోట ప్రాంతమును దమ కార్యక్షేత్రముగా నెంచుకొనిరి. ఆ సంఘస్థాపకులలో ముఖ్యుఁడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకలునకు వచ్చెను. 1912లో దోర్నకలు బిషప్పుగా నభిషిక్తుఁడై, ఆంగ్లికన్ సంఘమున నా పదవిని బొందిన తొలి భారతీయుఁ డాయెను. అరవము మాతృభాషగాఁ గల యీ మనుష్యుఁడు తెలుఁగు నేర్చి, మాల మాదిగ పల్లెలలోఁ దిరిగి, 1945 జనవరి 1వ తేదీన దోర్నకలులోనే కన్ను మూసెను.

ఆ పల్లెలకు నాఁడు వచ్చిన నియమము లేవి? చచ్చిన పశువుల మాంసము తినకుఁడు. కల్లు సారాయి త్రాగకుఁడు. పసిపిల్లలకుఁ బెండ్లిండ్లు చేయకుఁడు. అప్పు చేయకుఁడు. ఇల్లును వాడయు శుభ్రముగా నుంచుఁడు. మాలలు మాదిగలు వేఱువేఱుగాఁ గూర్చుండకుఁడు. ఇవి యన్నియు నియమములే. కాని తరతరములుగా వెట్టిచాకిరిలో నలిగి, "బాంచెను దొరా" యని తప్ప మాట యెత్తనేరని మనుష్యునకు, "నీవు త్రాగరాదు, నీ దేహము విలువైనది" యని యొకరు చెప్పుట అవమానము కాదు. అది తొలి గౌరవము. నీ బ్రతుకు ఎట్లు పోయిన నాకేమి యని యనుకొన్నవాఁడు నీకు నియమము పెట్టఁడు. బిడ్డను బ్రేమించు తల్లియే బావి దగ్గఱకుఁ బోవలదని గద్దించును. నాఁటి నియమములకు వెనుక నొక ముఖ మున్నది, ఒక చేయి యున్నది, పల్లెకుఁ గాలినడకను వచ్చిన యొక మనుష్యుఁ డున్నాఁడు.

అజరయ్య హృదయమున నేది ముందో తెలిసికొనుటకు రెండు సంగతులు చాలును. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశ మిషనరీలకును భారతీయ సేవకులకును గల సంబంధమును గూర్చి యాయన ప్రసంగించెను. వారి త్యాగమును గొనియాడి, వారిచ్చిన దానమును స్మరించి, కడపట నాయన యడిగినది ధనము కాదు, అధికారము కాదు, స్నేహితులను. ఆ మాట విని సభలోఁ గొందఱు నొచ్చుకొనిరి. నియమము తప్పని దొరలు మనకుఁ జాలమంది యున్నారు గాని, మనతోఁ గలిసి భుజించు స్నేహితుఁడు లేఁడని చెప్పుటకు ఆ సభలో ధైర్యము కావలెను. రెండవ సంగతి పల్లెలకు సంబంధించినది. బాప్తిస్మము పొందిన వారిని దమ చేయి తమ తలపైనే యుంచుకొనుమని, తాము బాప్తిస్మము పొందిన వారమనియు, సువార్త చెప్పకున్నచోఁ దమకు శ్రమ యనియు, పౌలు మాటల రీతిని వారి నోటనే యాయన పలికించుచుండెను. ఇందున్న కర్త "నేను". చదువు లేని కూలిది తన తలపైఁ దన చేయి నుంచుకొని "నేను" అనుట ఆ దేశమున నాఁడు సామాన్యమైన సంగతి కాదు.

ఇంతవఱకు నియమమును సంబంధమును ఒక్క గూటనే యున్నవి. పిమ్మట వచ్చిన మార్పు ఇది: ముఖము మఱుగుపడినది, చిట్టా మిగిలినది. నాఁడు త్రాగుడు మానుమన్న గొంతు నేఁడు బొట్టు పెట్టితివా, పూలు ముడిచితివా, పండుగనాఁడు పొరుగింటివా రిచ్చిన పిండివంట తింటివా యని యడుగుచున్నది. బ్రదుకును నిలుపు నియమమునకును, పొరుగువారినుండి వేఱుపఱుచు గుర్తునకును భేదము పోయినది.

ఆదివారపు నియమమునే తీసికొందము. విశ్రాంతి దినమును గూర్చిన యాజ్ఞకు ద్వితీయోపదేశకాండము ఐదవ యధ్యాయమున చెప్పఁబడిన కారణ మేమి? నీ దాసుఁడును నీ దాసియు నీవలెనే విశ్రమింపవలెను. నీవును ఐగుప్తులో దాసుఁడవై యుంటివని జ్ఞాపకము చేసికొనవలెను. అనఁగా ఆ యాజ్ఞ కూలివాని పక్షమున, యజమానునికిఁ జెప్పఁబడినది! మరిపెడ ప్రాంతపు మిరపచేనిలో దాని నెవరికిఁ జెప్పవలెను? కోఁత ఆపని చేని యజమానునికా, ఆ దినపు కూలి లేకున్న గంజి లేని ముసలమ్మకా? కూలిదానిని గాపాడుటకుఁ బుట్టిన నియమమే కూలిదానిని బల్లనుండి త్రోసివేసినది. మార్కు సువార్త రెండవ యధ్యాయమున శిష్యులు విశ్రాంతి దినమున చేనిలో వెన్నులు త్రుంచిరి. పరిసయ్యులు తప్పు పట్టిరి. యేసు ఏ పక్షమున నిలిచెనో ప్రతి క్రైస్తవ బాలుఁడు నెఱుఁగును. ఐనను మన సంఘములలో నా యధ్యాయము చదువఁబడు దినముననే ఆ చిట్టాయుఁ జదువఁబడుచున్నది.

దశాజ్ఞల విషయము నట్టిదే. నిర్గమకాండమున నవి ఆజ్ఞతో మొదలుకావు. ఐగుప్తు దాస్యమునుండి నిన్ను విడిపించినవాఁడను నేనే యని దేవుఁడు తన్ను దా నెఱిఁగించుకొన్న పిమ్మటనే మొదటి యాజ్ఞ వినవచ్చును. విడుదల ముందు, విధి వెనుక. ఈ క్రమమును దలక్రిందు చేయుటయే సర్వానర్థములకును మూలము.

ఇఁక కీర్తనల మాట. తెలుఁగు క్రైస్తవుని విశ్వాసము నెఱుఁగఁగోరు విమర్శకుఁడు ప్రశ్నోత్తరముల పుస్తకమును గాక, కీర్తనల పుస్తకమును విప్పవలెను. ఏలయన సామాన్యుఁడు నేర్చిన ప్రశ్నోత్తరములను మఱచును. పాడిన కీర్తనను మఱువఁడు. ఆ పుస్తకమునకు మూలపురుషుఁడు పురుషోత్తమ చౌదరి (1803-1890). బ్రాహ్మణ కుటుంబమునఁ బుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, నూఱుకుఁ బైఁగాఁ గీర్తనలు రచించెను. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను సంకలనమున నవి నేఁటికిని వివిధ సంఘములవారికిఁ గంఠస్థములు. పైని రాగము, తాళము, పల్లవి, అనుపల్లవి, చరణములు, దేశీయమైన రూపము.

ఈ కీర్తనలలో నన్ని యలంకారములకంటెను ముఖ్యమైనది సంబోధనము. కవి దేవుని గూర్చి మాటలాడుటకంటె దేవునితో మాటలాడుట యెక్కువ. ఆ మాటలాడుటలోఁ బ్రయోగింపఁబడు సర్వనామము "నీవు". తెలుఁగువారికి దీని విలువ తెలియును. మనము తల్లిని "నీవు" అందుము, స్నేహితుని "నీవు" అందుము. అధికారిని "మీరు" అందుము, దొరను "తమరు" అందుము. నియమములు విధించు ప్రభువే దేవుఁడైనచో, వాడుకనుబట్టి యాయన "తమరు" కావలసినవాఁడు. గడీ ముందు చెప్పులు చేతఁబట్టుకొని "తమరు" అనిన వాఁడు, సాయంకాలము తాటాకు కప్పు క్రింద దివ్వె ముందు కూర్చుండి సర్వలోకాధిపతిని "నీవు" అని పిలిచెను. ఇంతకంటె గొప్ప సంఘసంస్కారము ఏ సభలో జరిగినది? ఈ చనువు నెవరును జట్టముచేత నియ్యలేదు, కీర్తన యిచ్చినది.

ఐనను విమర్శకుఁడు దోషములను గూడఁ జెప్పవలెను. చౌదరిగారి భాష సంస్కృతసమాసభూయిష్ఠము. పల్లెలోని కూలిది ఆ సమాసములను రాగపు బలముచేతఁ బాడును గాని, వానిలోని యర్థము సగమే యామె కందును. ఇంకొక లోపము దీనికంటెఁ బెద్దది. ఆయన భక్తుఁడు పాపమునకై విలపించును, క్షమకై ప్రార్థించును, కృతజ్ఞుఁడై స్తుతించును. కాని యాతఁడు దేవునితో జగడమాడుట యంతగాఁ గానరాదు. సంబంధము ముదిరినకొలఁది చనువు జగడమగును. జగడమాడలేని చుట్టఱిక మింకను మొగమాటముతోఁ గూడినదే.

ఈ కొఱఁత తెలుఁగు కీర్తన యను రూపమునకు సహజమైనది కాదు. ఖమ్మము దాఁటినంతనే నెలకొండపల్లి గలదు. పదునేడవ శతాబ్దమునఁ గంచర్ల గోపన్న యచ్చటఁ బుట్టెను. గోలకొండ చెఱలోనుండి యాయన రాముని దూఱెను. తాను చేయించిన నగల లెక్క చెప్పి దెప్పిపొడిచెను. పిమ్మట తానాడిన మాటలకుఁ దానే నొచ్చుకొనెను. దీనిని భక్తిలోపమని యెవరును అనలేదు. భక్తికిఁ బరాకాష్ఠ యనిరి. మఱి క్రైస్తవ గ్రంథమున మాత్రము జగడము లేదా? దావీదు పేర వెలసిన గ్రంథమునకు మన యనువాదకు లిచ్చిన పేరు "కీర్తనలు" అనియే. అందు 13వ కీర్తన ఎన్నాళ్ళని నిలదీయును. 22వ కీర్తన నన్నేల విడిచితివని యాక్రోశించును. 44వ కీర్తన దేవుని నిద్రపోవువానినివలెఁ దట్టి లేపఁజూచును. సిలువమీఁద యేసు నోట వెలువడినది ఆ 22వ కీర్తన మొదటి పలుకే. నియమము పాటించువాఁడు దేవుని నిలదీయ సాహసింపఁడు, కుమారుఁడు సాహసించును. ఈ ధైర్యము తెలుఁగు క్రైస్తవ కీర్తనలోనికి ఇంకను జాలినంతగా రాలేదు. పంట పోయిన యేఁడు, బిడ్డ చనిపోయిన రాత్రి పాడుకొనుటకుఁ దగిన జగడపు కీర్తన నేఁటి కవులు రచింపవలసియున్నది.

ఆ ధైర్యము మనకుఁ గీర్తనలలోఁ గాక కావ్యములలోఁ గనఁబడినది. వినుకొండలో 1895లోఁ బుట్టిన గుఱ్ఱం జాషువ 1941లో "గబ్బిలము" ను బ్రకటించెను. దేవాలయమునఁ జొరరాని యంటరానివాఁడు, గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలమును బిలిచి, కాశీలోని శివునికిఁ దన మొఱ వినిపింపుమని పంపును. ఇందు శివుఁడు దూరపువాఁడు కాఁడు, ద్వారము మూసిన నియమమే దూరపుది. "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందిన యా కవి, క్రీస్తును జిత్రించుటకుఁ బూర్వమే, నియమము అడ్డుగోడ యైనప్పుడు సంబంధము గోడలోని చిన్న సందునైనను వెదకికొనునని మనకుఁ జూపెను. గుడి తలుపులకుఁ జెప్పిన మాట చిట్టాలకును వర్తింపదా? అంటరానితనమును నిరసించి వెలసిన సంఘము, తన వెనుకటి వరుసలోఁ గ్రొత్త యంటరానివారిని గూర్చుండఁబెట్టవచ్చునా?

లూకా సువార్త పదునైదవ యధ్యాయములోని కథ యెల్లరును ఎఱిఁగినదే. తప్పిపోయిన చిన్న కుమారునిఁ గూర్చి బోధకులు వేలకొలఁది ప్రసంగములు చేసిరి. పెద్దవానిఁ గూర్చి చేసినవి తక్కువ. అతఁడు ఆజ్ఞ నెన్నఁడును మీఱనివాఁడు. ఐనను మాటల పొందికను సూక్ష్మముగాఁ జూడుఁడు. అన్నిటిని బాడుచేసికొని వచ్చిన చిన్నవాఁడు "తండ్రీ" యని పిలుచును. నియమము తప్పని పెద్దవాఁడు తండ్రితో నింత మాటలాడియు, ఒక్కసారియైనను "తండ్రీ" యనఁడు. తాను చేసిన చాకిరిని లెక్క చెప్పును. తమ్ముని "నా తమ్ముఁడు" అనక, నీ కుమారుఁడని తండ్రిమీఁదికి నెట్టును. తండ్రి యాతనిని గద్దింపఁడు. "కుమారుఁడా" యని పిలిచి, వాఁడు నీ తమ్ముఁడని బంధుత్వమును దిద్దును. ఇంటిలోనే యుండి కూలివానివలె బ్రదికిన వాని కథ యిది. దేవునితోఁ దెగిన బంధుత్వము తమ్మునితోఁ దెగిన బంధుత్వమై బయటఁబడుట యిందలి మర్మము.

ఇచ్చట నొక యాక్షేపణ వినఁబడును: "సంబంధమే చాలునని చెప్పితిమేని, ప్రతివాఁడును దేవుఁడు నా హృదయమున నున్నాఁడని చెప్పి తన యిచ్చవచ్చినట్లు నడుచును, అప్పుడు త్రాగుబోతును భక్తుఁడే, వడ్డీవ్యాపారియు భక్తుఁడే యగును." ఈ యాక్షేపణ న్యాయమైనదే. సంబంధమను మాటను సోమరితనమునకు ముసుఁగుగా వాడుకొనువారు లేకపోలేదు. "నేను, నా దేవుఁడు" అనుచుఁ బొరుగువానిని మఱచు భక్తి, అద్దములోఁ దన్ను దాఁ జూచుకొనుటయే. కాని దీనికి మందు చిట్టా కాదు. యిర్మీయా ప్రవక్త క్రొత్త నిబంధనను గూర్చి చెప్పినప్పుడు, ధర్మము రద్దగునని చెప్పలేదు. అది హృదయములమీఁద వ్రాయఁబడునని చెప్పెను. తల్లికి బిడ్డను బెంచుటకు నియమావళి వ్రాసి యియ్యనక్కఱలేదు; ఐనను ఏ నియమావళియు విధింపఁజాలని కష్టము నామె పడును. సంబంధము నియమముకంటెఁ దక్కువ యడుగదు, ఎక్కువయే యడుగును. బడుగువాని మెడపైఁ గాలు మోపినవాఁడు, తనకు దేవునితో సంబంధము గలదని చెప్పినచో, అది సంబంధము కాదు, పేరు వాడుకొనుట మాత్రమే.

కావున సంఘపు పెద్దలకు నా మనవి యొక్కటియే. ఒక పేరునకుఁ బ్రక్క గుర్తు పెట్టుటకు ముందు ఆ పేరు గల మనుష్యుని యింటికిఁ బోయి రండు. ఎందుకు రాలేదని యడుగుటకు ముందు, ఎట్లున్నావని యడుగుఁడు. గృహస్థులకును ఒక మాట. ఆంధ్రదేశపు సంఘములలోని తల్లులు వండుటకుఁ దీసిన బియ్యములో నొక పిడికెడు ప్రత్యేకించి సంఘమున కిచ్చు నాచారము గలదు. అది సుంకముగాఁ బుట్టలేదు. తన బిడ్డలకు వండునప్పుడు పొరుగు బిడ్డలను దలఁచుకొను తల్లి చేఁతగాఁ బుట్టినది. మీ బిడ్డలకుఁ బ్రశ్నోత్తరములు నేర్పుఁడు, తప్పు లేదు. దానికి ముందు, దేవునితోఁ దమ సొంత మాటలతో, తమ సొంత యాసలో మాటలాడుట నేర్పుఁడు. ఆ పిడికిలిలో నేమున్నదో యప్పుడు వారికిఁ దెలియును.

దోర్నకలులో 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపఁబడిన ప్రధానాలయమును జూచినవారు, దేవాలయ మండపముల స్తంభములను, మసీదుల గుమ్మటములను దలఁపించు నా కట్టడమును మెచ్చుకొందురు. అన్ని యిండ్లవారును దమ యింటి గుర్తు నొకటి కనుఁగొనఁదగిన యిల్లుగా దానిని గట్టిరి. అట్టి యింటికి వారసులైనవారు ఒక కూలిదాని పళ్ళెమును దాఁటించుట తగునా?

ఆ వృద్ధురాలి ప్రశ్నకు నేను నాఁడు సమాధానము చెప్పలేదు. ఆమె సమాధానమున కడుగలేదు. మిరపకోఁత ముగిసిన పిమ్మట ఆమె మరల ప్రార్థనకు వచ్చి, అదే వెనుకటి వరుసలోఁ గూర్చుండి, చౌదరిగారి కీర్తన నెలుఁగెత్తి పాడినదని విన్నాను. సమాసములలో సగ మామె కర్థము కాకపోయి యుండవచ్చును. సంబోధనము మాత్రము పూర్తిగా నర్థమైనది.